తల్లినీళ్ళు

గేటు దగ్గర అదెరాల్దో కుర్చీ వేసుకోడు. కూర్చున్న కాపలావాణ్ణి ఎవరూ లెక్కచెయ్యరని అతని నమ్మకం. సాయంత్రం పని దిగే వేళకి ఇనుప స్తంభానికి వీపు ఆనించి నిలబడతాడు. ఎదురుగా ఉప్పుగుట్టల మీద ఎండ. ఆ తెలుపు వంక సూటిగా చూస్తే కాసేపటిదాకా మనిషి మొహం కనపడదు. అందుకని నేల వంక చూస్తాడు. ఆ ఉప్పు కొఠారులో పనిచేసే ప్రతివాణ్ణీ బూట్లని బట్టే గుర్తుపడతాడు.

ఆ సోమవారం ఇంజనీరు వచ్చి అతని పక్కన నిలబడ్డాడు. చదివింది ఇంజనీరింగే. అయినా అక్కడ తెల్ల చొక్కా వేసుకున్నవాడెవడైనా డాక్టరే.

"అదెరాల్దో, ఇవాళ్టి నుంచి తల్లినీళ్ళు బయటికి పోకూడదు."

"ఏ నీళ్ళు డాక్టర్?"

"అవేనయ్యా. మడిలో ఉప్పు తీశాక అడుగున మిగిలేవి. మీరు అనే మాటే అన్నాను."

"అవి ఏట్లోకి వదిలేసేవే కదా."

"వదిలేసేవాళ్ళం. ఇక వదలం. కొత్త షెడ్డు కట్టింది దేనికనుకున్నావు? ఎండగట్టి, పలుకులు చేసి, అట్టపెట్టెల్లో పోసి పంపుతున్నాం. పట్నాల్లో జనం ఇంట్లోనే వేణ్ణీళ్ళలో కలుపుకుని అందులో కూర్చుంటారు. ఒళ్ళు తేలికవుతుంది, మనసు కుదుటపడుతుంది. యజమాని కోడలి ఆలోచన."

"మావాళ్ళు తీసుకెళ్ళేదీ అందుకే డాక్టర్. ఒళ్ళు నొప్పులకి."

"అదే చెప్తున్నా. నిన్నటిదాకా మురుగు. ఇవాళ సరుకు. సరుకు గేటు దాటితే దొంగతనం." ఇంజనీరు అతని భుజం తట్టాడు. "గేటు నీది."

ఆ చివరి మాట అదెరాల్దోకి నచ్చింది. ఇన్నేళ్ళలో ఆ గేటు నీదని ఎవరూ అతనితో అనలేదు.

తల్లినీళ్ళు ఎవరూ అమ్మరు. ఎవరూ అడగరు. ఎండంతా తాగి, ఉప్పంతా కక్కేసి, నూనెలా బరువెక్కి చేదెక్కిన నీళ్ళవి. పనివాళ్ళు మడి తూము దగ్గర వంగి, డబ్బా ముంచేముందు టోపీ తీసి "దీవించమ్మా" అంటారు. పొద్దున్నే కన్నతల్లి ఎదురుపడితే అనే మాటే అది. తరవాత డబ్బా సైకిలు వెనక కట్టుకుని ఇంటికి పోతారు. ఆ ఊళ్ళో నడుము వంగిన ప్రతి ఇంట్లోనూ కోసిన పీపా ఒకటి, అందులో కూర్చునే మనిషి ఒకరు ఉంటారు.

ఆ సాయంత్రం అదెరాల్దో డబ్బాలన్నీ వెనక్కి పంపాడు.

"ఏంటి, నిజంగానేనా?" అన్నాడు పార పనిచేసే జెసూలో. నోరున్న మనిషి. "నా చెమట కూడా ఉప్పగానే ఉంటుంది. అదీ పిండి ఇచ్చిపోనా?"

"పద పద."

"పుక్కిట పట్టుకుని పోతే ఏం చేస్తావ్? నోట్లో వేలు పెట్టి చూస్తావా?"

వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. అదెరాల్దో నవ్వలేదు. "పెడతాను. కరిస్తే పళ్ళు ఊడగొడతాను కూడా."

ఇంకా నవ్వారు. డబ్బాలు మాత్రం తూము దగ్గరే వదిలి వెళ్ళారు.

అందరూ పోయాక అతను గేటుకి గొలుసు వేశాడు. తన సైకిలు దగ్గరికి వెళ్ళాడు. సైకిలు వెనక అతని డబ్బా ఉంది, నిండుగా, మూత బిగించి. వెతికేవాణ్ణి వెతికేవాడు లేడు. అతను దాని గురించి ఆలోచించనైనా లేదు.

ఇంటి వెనక పెరట్లో నీలం పీపా అడ్డంగా కోసిన సగం ఉంది. కోసిన అంచు ఒరుసుకోకుండా పాత గొట్టాన్ని చీల్చి చుట్టూ తొడిగారు. అతని భార్య ఇదలీనా అప్పటికే నీళ్ళు కాచింది. ఉప్పు మూటలు కట్టే షెడ్డులో చేతులు పాడుచేసుకున్న మనిషి. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి, పొద్దుటి నుంచి సాయంత్రానికి పిడికిళ్ళు అయిపోతాయి. కుండ దించడం అదెరాల్దో వంతు. కలపడం మాత్రం ఆమెదే, ఇంకెవర్నీ కలపనివ్వదు.

మణికట్టుతో మగ్గు నొక్కిపట్టి రెండు మగ్గుల తల్లినీళ్ళు పోసింది. అవి వేణ్ణీళ్ళలో కలవకుండా తీగలు తీగలుగా అడుక్కి జారాయి. మోచేతిదాకా ముంచి కలియదిప్పింది. ఒక చుక్క నాలుక మీద వేసుకుని మొహం చిట్లించింది. గుప్పెడు నారింజాకులు పడేసింది. లోపలి లంగాతోనే పీపాలోకి దిగి మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

అదెరాల్దో గడప మీద కూర్చుని చూశాడు. ఆ ఇంట్లో అతను ప్రేమతో చూసేది అదొక్కటే. మొదట ఆమె భుజాలు కిందికి దిగుతాయి. తరవాత దవడ వదులవుతుంది. తరవాత నీళ్ళలో వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి, చిటికెన వేలు అన్నిటికన్నా ఆఖర్న. ఆ వేలు విచ్చుకున్నాక ఆమె గట్టిగా ఊపిరి వదులుతుంది.

"ముసలాడా," అంది కళ్ళు మూసుకునే. "తెల్లారి లేచేది దీనికోసమే. నువ్వేమో నీకోసం అనుకుంటావు."

"నాకు తెలుసులే."

"తెలిసీ ఉంటున్నావా? సిగ్గులేని మనిషివి."

గేటు సంగతి అతను చెప్పలేదు. చెప్పాల్సిన పనేమిటి అనుకున్నాడు.

*

బుధవారం సాయంత్రం బెలర్మీనో వచ్చాడు.

అదెరాల్దో కూతురికి జ్ఞానస్నానం నాడు బిడ్డను చేతుల్లో ఎత్తుకుని ఫాదరు ముందు నిలబడింది ఈ బెలర్మీనో, అతని భార్య లిందౌరా. ఆ రోజు నుంచి వాళ్ళు ఒకరికొకరు పేర్లు కారు. అతను కుంపాద్రి, ఆమె కుమాద్రి. ఆ వరస రక్తం కన్నా గట్టిదంటారు అక్కడ. కుంపాద్రి మీద చెయ్యెత్తరు. కుంపాద్రి తప్పు పదిమందిలో అనరు.

బెలర్మీనో సైకిలు నడిపించుకుంటూ వరసలో వచ్చాడు. వెనక చుట్టిన వల ఉంది. వల కింద డబ్బా ఉంది. అది కనపడకూడదని అతను పెద్దగా ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"కుంపాద్రీ," అన్నాడు.

"అదేంటి వల కింద?"

"తెలుసుగా నీకు. లిందౌరాకి." గొంతు తగ్గించాడు. "నిన్నా మొన్నా లేవు. రాత్రంతా మూలుగుతూనే ఉంది."

వెనక వరసలో జెసూలో ఉన్నాడు. మొన్న డబ్బాలు వదిలి వెళ్ళినవాళ్ళంతా ఉన్నారు. ఎవరూ హాస్యమాడలేదు. అందరూ అదెరాల్దో చేతుల వంక చూస్తున్నారు. ఇంజనీరు అక్కడ లేడు. అతని జీపు కూడా లేదు. ఈ సంగతి అదెరాల్దో తరవాత తనకి తాను చాలాసార్లు వేరే రకంగా చెప్పుకోవాలని చూశాడు, కుదరలేదు.

"తియ్యి," అన్నాడు.

బెలర్మీనో డబ్బా విప్పి ఇచ్చాడు. ఇస్తూ, పెదవులు కదలకుండా అన్నాడు: "సగం పారబొయ్యి. వీళ్ళ కోసం. సగం ఉంచు."

అదెరాల్దో మూత తీశాడు. డబ్బా బోర్లించాడు. ఉప్పు పట్టి గట్టిపడిన నేల ఆ నీళ్ళని తాగలేదు. అవి మడుగు కట్టి, మెల్లగా, జిడ్డుగా, వరసలో నిలబడ్డవాళ్ళ కాళ్ళ మధ్యకి పాకాయి. వాళ్ళు అడుగు వెనక్కి వేశారు, తల్లి మీద కాలు పెట్టకూడదన్నట్టు. అదెరాల్దో డబ్బా కుదిపి ఆఖరి చుక్క కూడా పోనిచ్చాడు.

బెలర్మీనో ఖాళీ డబ్బా తీసుకున్నాడు. మూత పెట్టి మర బిగించాడు. వల మళ్ళీ చుట్టాడు, తాడు రెండు మెలికలు వేసి కట్టాడు. ఏమీ లేని డబ్బాకి అంత జాగ్రత్త ఎందుకో. తరవాత టోపీ సర్దుకుని, "వస్తా కుంపాద్రీ" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న ఇంజనీరు గదికి పిలిచాడు.

"నిన్న ఎవడో పట్టుబడ్డాడటగా. ఎవడు?"

అదెరాల్దో నేల వంక చూశాడు. అక్కడ ఇంజనీరు బూట్లు తప్ప ఏమీ లేవు. తెలీదనవచ్చు. చీకటి పడిందనవచ్చు. వరసలో ఎవరైనా ఎలాగూ చెప్తారనుకున్నాడు. ఎవరో చెప్పేది తానే చెబితే గేటు తనదిగా ఉంటుందనుకున్నాడు.

"బెలర్మీనో," అన్నాడు.

మధ్యాహ్నానికల్లా బెలర్మీనోని తూము పని నుంచి లేపి పంపేశారు. గేటు దాటేప్పుడు బూట్లు లేవు అతని కాళ్ళకి. బూట్లు కంపెనీవి. పగుళ్ళు తేలిన మడమలతో, కాలిన నేల మీద, సైకిలు ఎక్కకుండా నడిచి వెళ్ళాడు. అదెరాల్దో స్తంభానికి ఆని నిలబడే ఉన్నాడు. అలికిడి పోయేదాకా తల ఎత్తలేదు.

సాయంత్రం ఇంజనీరు తన చేత్తోనే ఒక అట్టపెట్టె ఇచ్చాడు. "మీ ఆవిడకివ్వు. కొత్త షెడ్డులోది."

పెట్టె మీద తెల్లటి తొట్టిలో తెల్లటి ఆడమనిషి కళ్ళు మూసుకుని ఉంది. మెడదాకా నురుగు. "మీ ఇంట్లోనే ప్రశాంతి" అని రాసి ఉంది.

*

ఇదలీనా నీళ్ళు కాయలేదు. పొయ్యి ఆరిపోయి ఉంది. బల్ల ముందు కూర్చుని, మధ్యాహ్నం వండిన చిక్కుడుగింజల్లో కర్రపెండలం పిండి మణికట్టుతో కలుపుతోంది. తినడం లేదు.

"జుసేలియా వచ్చింది," అంది.

జుసేలియా ఇంటింటికీ చేపలు తెస్తుంది. చేపలతోపాటు మిగతావీ తెస్తుంది. పొద్దున్నే లిందౌరా ఇంటికి వెళ్ళి ఆమెకి ఒళ్ళు తుడిచి బట్టలు మార్చేదీ ఆమే.

అదెరాల్దో అట్టపెట్టె బల్ల మీద పెట్టాడు. "నీకు. డాక్టరు ఇచ్చాడు."

ఇదలీనా పెట్టె వంక చూసింది. వంగి వాసన చూసింది. "అత్తరు పూసుకున్న తల్లి," అంది. తరవాత అతని వంక చూసింది. "పారబోసిందెవరు?"

"నేనే."

"పేరు చెప్పింది?"

అతను కుండ తీసుకుని పెరట్లోకి వెళ్ళి పొయ్యి రాజేశాడు. నీళ్ళు కాచాడు. కుండ దించి పీపాలో పోశాడు. డబ్బా తెచ్చి పక్కన పెట్టాడు. పిలిచాడు.

ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఇవెక్కడివి?"

"ఎక్కడివేంటి? ఎప్పుడూ తెచ్చేవే."

"గేటు ఎలా దాటాయి?"

"ఇదలీనా. నీళ్ళు చల్లారిపోతాయి."

"లిందౌరా స్నానం చేసిందా?"

"నాకేం తెలుసు?"

"తెలిసిన రోజు పిలువు," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడూ అంతే. నీళ్ళు కాచాడు, పిలిచాడు. లోపలి నుంచి ఆ ప్రశ్నే వచ్చింది: "లిందౌరా స్నానం చేసిందా?" కోపం లేదు ఆ గొంతులో. చేపలు వచ్చాయా అని అడిగినట్టు అడిగింది. అతను నీళ్ళు అరటిమొక్క మొదట్లో పారబోశాడు.

రెండు రోజుల్లో ఆమె వేళ్ళు పూర్తిగా మూసుకుపోయాయి. కాఫీ గ్లాసు రెండు పిడికిళ్ళ మధ్య పట్టుకుని తాగుతుంటే గడ్డం మీద కారింది. జుట్టు ముడి వేసుకోలేక వదిలేసింది. అదెరాల్దో దువ్వెన తీసుకున్నాడు. గేటు గొలుసు లాగే చేతులతో అతను దువ్వుతుంటే ఆమె తల వెనక్కి వెనక్కి వెళ్ళింది.

"నన్నెందుకు ఏడిపిస్తావే?" అన్నాడు. "పని పోతే ఎవడిస్తాడు నాకు ఈ వయసులో? ఉప్పు గీకడానికి నడుముందా నాకు?"

"బెలర్మీనోకి ఉందా?"

"వాడు తెలిసీ తెచ్చాడు. అందరూ చూస్తుండగా తెచ్చాడు. నేనేం చెయ్యాలి?"

"సగం పొయ్యమన్నాడట కదా."

దువ్వెన ఆగిపోయింది. ఆ మాట జెసూలో విన్నాడన్నమాట. ఊరంతా విందన్నమాట.

"సగం," అంది ఇదలీనా. "ఎంత మర్యాదస్తుడు. నీకు తప్పించుకునే దారి కూడా వాడే చూపించాడు."

"ఎత్తి పీపాలో పడేస్తా నిన్ను. చూస్తూ ఉండు."

"పడెయ్యి. వేళ్ళు తెరుచుకోవు. వాటికి నీ మాటంటే లెక్కలేదు."

*

శనివారం మధ్యాహ్నం ఆమె ఇంట్లో లేదు. అతను ఇంటికి వచ్చేసరికి తలుపు దగ్గరికి వేసి ఉంది. గొళ్ళెం పెట్టుకోవడం ఆమె చేతులకి రాదు. చాలాసేపటికి వచ్చింది, ఎండకి మొహం కమిలిపోయి, చెప్పుల నిండా ఇసుకతో. ఊరికి ఆ చివరిదాకా నడిచి వెళ్ళింది.

మంచినీళ్ళు అడగలేదు. నిలబడే చెప్పింది.

"బెలర్మీనో లేడు. ఏటి దిగువన రొయ్యల చెరువుల్లోకి వెళ్ళాడు. అక్కడే పడుకోవాలట. వారానికోసారి పంపిస్తారు."

"పని దొరికిందిగా, అయితే."

ఇదలీనా ఆ మాట విననట్టే చెప్పుకుపోయింది. "లిందౌరా ఊయల మంచంలో అలాగే పడుంది. వాడు పోయాక నీళ్ళలో దింపినవాళ్ళు లేరు. జుసేలియా పొద్దున్న తుడిచి పోతుంది, పీపాలోకి ఎత్తడం దానివల్ల కాదు. మోకాళ్ళు గడ్డానికి వచ్చేశాయి. నేను ఎత్తబోయాను." తన పిడికిళ్ళు చూపించింది. "చంకల కింద నుంచి జారిపోయాయి. ఆమె మళ్ళీ ఊయల్లో పడింది. ఇద్దరం ఏడ్చాం. తరవాత ఆమె అంది, ఇద్దరికీ కలిపి మూడు చేతులున్నా బాగుండు అని. నవ్వాం."

అదెరాల్దో నేల వంక చూశాడు.

"డబ్బా నిండుగానే ఉంది. తీసుకుని నువ్వెళ్ళు."

"ఇచ్చేసి వస్తాను."

"ఇచ్చేసి రావడం కాదు. ఎత్తాలి."

అతను తల ఎత్తాడు. "నేనా? కుమాద్రినా?"

"నీకు చేతులున్నాయిగా."

"పిచ్చెక్కిందా నీకు? కుమాద్రి ఒంటి మీద చెయ్యెయ్యమంటావా? స్నానం దగ్గర?" గొంతు తగ్గించాడు, గోడలు వింటాయన్నట్టు. "అలాంటివాళ్ళు ఏమవుతారో తెలీదా? చచ్చాక మంటలైపోయి మడుల మీద పరుగెడతారు. మా అమ్మ చూసింది. ఒకదాని వెనక ఒకటి, రెండు మంటలు."

"మీ అమ్మ తాగి చూసింది."

"నవ్వులాట కాదు ఇది."

"కాదు," అంది ఇదలీనా. "అది వేరే పని చేసినవాళ్ళకి. నువ్వు చేసేది ఇది. అయినా మంటవైతే అవ్వు, ముసలాడా. ఎవరికైనా కాస్త వెలుతురు."

ఆమె వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకుంది. మణికట్లు గడ్డం కింద పెట్టుకుంది. నిద్రపోలేదని ఇద్దరికీ తెలుసు.

*

ఆదివారం పూజ అయ్యాక అదెరాల్దో డబ్బా సైకిలు వెనక కట్టాడు. పైన గోనె కప్పబోయి, మానేశాడు. గోనె కప్పితే ఊరంతా విప్పి చూస్తుంది.

సారాకొట్టు ముందు చింపిరి గొడుగు కింద నలుగురు డామినోలు ఆడుతున్నారు. జెసూలో ముందు చూశాడు. బిళ్ళ చేతిలో పట్టుకునే లేచి దారికి అడ్డం వచ్చాడు.

"ఆగవయ్యా కాపలా. డబ్బా చూపించు."

అదెరాల్దో కాలు నేలకి ఆనించాడు. జెసూలో మూత తీసి వాసన చూశాడు. వేలు ముంచి నాకాడు. కూర్చున్నవాళ్ళ వైపు తిరిగి, "సరుకు!" అని అరిచాడు. అందరూ బల్ల చరిచి నవ్వారు.

"ఎక్కడికి?"

"లిందౌరాకి."

నవ్వు అలాగే ఆగిపోయింది. జెసూలో అతని మొహంలోకి చూశాడు, చాలా దగ్గర నుంచి. ఉమ్మేస్తాడనుకున్నాడు అదెరాల్దో. ఉమ్మలేదు. మూత పెట్టి, రెండుసార్లు బిగించి, పక్కకి తప్పుకున్నాడు. సైకిలు మూల తిరిగేదాకా డామినో బిళ్ళ చప్పుడు కూడా వినపడలేదు.

లిందౌరా ఇంటి తలుపు తీసే ఉంది. ఒకే గది, వెనక పంచ. ఊయల గది మధ్యలో వేలాడుతోంది. ఊయల్లో మనిషి ఉన్నట్టు లేదు, గుడ్డలు మూట కట్టి పడేసినట్టుంది.

"దీవించండి కుమాద్రీ," అన్నాడు గుమ్మంలోంచి.

"దేవుడు దీవిస్తాడు," అంది మూట. "ఇదలీనా పంపిందా?"

"ఆ."

"బొగ్గులు పంచలో ఉన్నాయి. అగ్గిపెట్టె గూట్లో."

అతను పొయ్యి రాజేశాడు. నీళ్ళు కాగేదాకా పంచలోనే వీపు తిప్పి నిలబడ్డాడు. పీపా ఇదలీనా పీపాలాంటిదే, అంచుకి గుడ్డ చుట్టారు. నీళ్ళు పోశాడు. డబ్బా వంచాడు.

"ఎంత పోస్తున్నారు?" అని కేక వేసింది లోపలి నుంచి.

"రెండు మగ్గులు."

"అది ఇదలీనా లెక్క. నాకు నాలుగు. నా చర్మం చచ్చిపోయి చాలా కాలమైంది."

పోశాడు. మోచెయ్యి ముంచి కలిపాడు. ఎప్పుడూ చూసిన పనే, చెయ్యడం మొదటిసారి. చేతి వెంట్రుకల మీద నీళ్ళు నూనెలా జారాయి.

పీపా గది మధ్యకి లాక్కొచ్చాడు. ఊయల దగ్గర నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలీలేదు. కళ్ళు మూసుకున్నాడు.

"చొక్కా తొడుక్కునే ఉన్నాను," అంది లిందౌరా. "ఒక చెయ్యి మోకాళ్ళ కింద. ఒకటి వీపు కింద, భుజం దగ్గర కాదు, ఇంకా కిందికి. ఒక్కసారే ఎత్తండి. ఆగితే అరుస్తాను."

ఎత్తాడు. ఇంత తేలిక అనుకోలేదు, అందుకే తూలాడు. ఆమె మోచెయ్యి ఊయల తాడుకి కొట్టుకుంది. అరిచింది. మనిషి అరుపులా లేదు అది. అతను కళ్ళు తెరవకుండానే వంగి, తడుముకుని, ఆమెని నీళ్ళలోకి దింపాడు. ఆమె అరుపు సగంలో తెగిపోయింది. ఆ తరవాత చాలాసేపు నీళ్ళ చప్పుడే.

బయటికి పోబోయాడు.

"పోవద్దు. వాకిట్లో నిలబడితే ఇంకా చెడ్డగా చెప్పుకుంటారు. అక్కడ కూర్చోండి. గోడ వైపు."

కూర్చున్నాడు. గోడకి మరియమాత పటం, బెలర్మీనో టోపీ పెట్టే మేకు. మేకు ఖాళీగా ఉంది. వెనక ఆమె ఊపిరి మొదట పళ్ళ మధ్య నుంచి వచ్చింది. తరవాత ముక్కు నుంచి. తరవాత నెమ్మదించింది.

"ఇదలీనాతో చెప్పండి," అంది చివరికి. గొంతు మారిపోయింది, పడుచుదాని గొంతులా ఉంది. "నేను నీళ్ళలో దిగానని. మోకాలు ఒకటి చాపానని. ఇవాళ తన చేతులు నీళ్ళలో పెట్టుకోమన్నానని."

"చెప్తాను కుమాద్రీ." అదెరాల్దోకి గుండెల మీద నుంచి బరువు దిగినట్టైంది. ఇవాళ సాయంత్రం ఇదలీనా పీపాలో కూర్చుంటుంది. చిటికెన వేలు విచ్చుకుంటుంది. అయిపోయింది అనుకున్నాడు. తాను తిన్నగా ఇంటికి పోవచ్చనుకున్నాడు.

"బెలర్మీనో నాతో చెప్పాడు," అంది లిందౌరా. "ఆ రోజు గేటు దగ్గర ఎవడో కొత్తవాడున్నాడట. మిమ్మల్ని వేరే చోట వేశారట ఆ రోజు. కుంపాద్రి ఉంటే అలా జరగనిచ్చేవాడు కాదన్నాడు."

అదెరాల్దో గోడ వంకే చూశాడు.

"జుసేలియా ఇంకోలా చెప్పింది. నోరు ముయ్యమన్నాను."

"కుమాద్రీ, నేను—"

"ఆగండి. మాట్లాడేది నేను." నీళ్ళు కదిలాయి. "పెళ్ళైన నాటి నుంచి నాతో ఒక్క అబద్ధం ఆడని మనిషి. మీ కోసం ఒకటి ఆడాడు. కాళ్ళకి బూట్లు లేకుండా నడిచొచ్చి, ఇక్కడ గుమ్మంలో నిలబడి ఆడాడు. దాన్ని మీరు పాడుచెయ్యకండి. ఏం చెప్పబోయారో అది మింగెయ్యండి."

అతను మింగాడు.

"మీరు గేటు దగ్గర లేరు. సరేనా?"

"సరే."

"ఉన్నవాడెవడో, వాడితో చెప్పండి. ఈ డబ్బా నాలుగు రోజులు కూడా రాదు. తరవాతి డబ్బా ఆ గేటు దాటే రావాలి. దాని తరవాతదీ. బెలర్మీనో వారానికోసారి వస్తాడు. మిగతా రోజులు నన్ను ఎత్తేవాళ్ళు లేరు. వాణ్ణి రమ్మనండి. రోజూ. పట్టపగలు, అందరూ చూస్తుండగా. పని పోతుందంటాడేమో. పోతే చచ్చిపోరని చెప్పండి. రొయ్యల చెరువులకి వెళ్తారు."

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. అదెరాల్దో చేతులు చూసుకున్నాడు. తల్లినీళ్ళు ఆరి చర్మం మీద తెల్లటి చారలు కట్టాయి.

"చెప్తారా?"

"చెప్తాను."

"వాడు వస్తాడా?"

ఆమె తొందరపెట్టలేదు. నీళ్ళలో ఏదో చిన్న చప్పుడు, వేళ్ళు కదిపి చూసుకుంటోంది.

"వస్తాడు," అన్నాడు.

"అయితే నీళ్ళు చల్లబడ్డాయి. ఎత్తండి."

అదెరాల్దో లేచి ఆమె వైపు తిరిగాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఒక చెయ్యి మోకాళ్ళ కింద, ఒకటి వీపు కింద, ఆమె చెప్పిన చోటే. ఒక్కసారే ఎత్తాడు. ఆమె అరవలేదు. నీళ్ళు అతని చొక్కా మీదుగా నేల మీదికి కారాయి. ఊయలలో పడుకోబెట్టి వంగిన నడుముతో అలాగే నిలబడ్డాడు, ఇంకేం చెయ్యాలో తెలీక.

తువ్వాలు ఎక్కడుందో ఆమె చెప్పింది.